ఒక్కటి పడకపోతే అన్నీ ఆపాలా? అలర్జీ ఉన్న బిడ్డకు తొలి ముద్దల సంగతి

ఏడు నెలల పాప ఉందనుకుందాం. ఉగ్గు అలవాటైంది, పప్పుకట్టుతో మెత్తగా కలిపిన అన్నం ఇష్టంగా తింటోంది. ఒకరోజు పొద్దున సగం ఉడికిన గుడ్డు తెల్లసొన అర చెంచా పెట్టారు. ఐదు నిమిషాలు గడిచాయో లేదో మూతి చుట్టూ, చెంపల మీద దద్దుర్లు లేచాయి. వెంటనే రెండు వాంతులు. ఆసుపత్రికి చేరేసరికి దద్దుర్లు అణగడం మొదలైంది. రెండు గంటల్లో పాప మామూలుగా ఆడుకుంది. గుడ్డు మానేయమని డాక్టరు చెప్పారు.

అసలు తికమక ఇంటికొచ్చాక మొదలైంది. పాలూ పెరుగూ కూడా కొన్నాళ్లు ఆపుదామని నాయనమ్మ అంది. వేరుశెనగ, చేప, జీడిపప్పు మూడేళ్లదాకా దగ్గరికి రానివ్వవద్దని అమ్మమ్మ. బిడ్డకు పాలిస్తోంది గనుక తల్లి కూడా గుడ్డు, చేప, వంకాయ మానేయాలని పక్కింటి పిన్ని. ఫోనులో చూస్తే ఇందుకు పూర్తిగా విరుద్ధమైన మాట: వేరుశెనగను ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిదట. వీళ్లలో ఎవరూ ఊరికే మాట్లాడటం లేదు. అమ్మమ్మ చెప్పిన గడువు ఒకప్పుడు అమెరికా పిల్లల వైద్యుల సంఘం అధికారికంగా చెప్పినదే. ఫోనులో కనిపించినదానికీ గట్టి పరిశోధన ఆధారం ఉంది. మరి ఈ పాపకు ఏది వర్తిస్తుంది?

'పడలేదు' అన్న మాటలో ఇమిడిన నాలుగు సంగతులు

ఏ ఆహారం తేడా చేసినా తెలుగులో 'పడలేదు' అంటాం. ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు సంగతులున్నాయి. వాటిని విడదీయకపోతే ముందుకు వెళ్లలేం, ఎందుకంటే ఒక్కోదానికి చేయవలసింది ఒక్కో రకం.

మొదటిది, మన పాపకు వచ్చినది. శరీరపు రక్షణ వ్యవస్థ గుడ్డులోని మాంసకృత్తును శత్రువుగా పొరబడి, ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసి పెట్టుకుంటుంది. ఆ పదార్థం మళ్లీ లోపలికి వచ్చినప్పుడు కణాల నుంచి హిస్టమిన్ వంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. నిమిషాల్లో, ఎక్కువలో ఎక్కువ రెండు గంటల్లోపు దద్దుర్లు, వాపు, వాంతులు, దగ్గు, పిల్లికూతలు కనిపిస్తాయి. వేగమే దీని గుర్తు. ఇది తీవ్రమై ఊపిరినీ రక్తప్రసరణనూ దెబ్బతీస్తే దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు.

రెండోదీ అలర్జీయే, కానీ ఐజీఈకి సంబంధం లేనిది. ఇది పేగుల్లో నెమ్మదిగా నడుస్తుంది. రెండు నెలల బిడ్డ, తల్లిపాలే తాగుతున్నాడు, చక్కగా బరువు పెరుగుతున్నాడు, కానీ విరేచనంలో సన్నని నెత్తుటి చారలు కనిపిస్తున్నాయనుకోండి. తల్లి తాగిన ఆవు, గేదె పాలలోని మాంసకృత్తు ఆమె పాల ద్వారా కొద్దిగా చేరడం దీనికి ఒక కారణం కావచ్చు. ఈ రెండో రకంలోనే ఇంకో రూపం మరీ మోసపుచ్చుతుంది. ఏదో ఒక ఆహారం తిన్న ఒకటి నుంచి నాలుగు గంటల తర్వాత బిడ్డ ఆగకుండా వాంతులు చేసుకుని, పాలిపోయి, వడలిపోతుంది. దద్దుర్లు ఉండవు, దగ్గు ఉండదు. అప్పటికి తిన్నదేమిటో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఆహారం పాడైందనో, దిష్టి తగిలిందనో అనుకుంటారు. అదే పదార్థంతో రెండోసారీ అలాగే జరిగితే అనుమానించాలి. బియ్యం వంటి నిరపాయమైన గింజ కూడా కొందరిలో ఇలా చేస్తుంది. చర్మపరీక్షలో ఈ రకాలు సాధారణంగా దొరకవు.

మూడోది అసలు అలర్జీయే కాదు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే ఎంజైము చాలకపోతే పొట్ట ఉబ్బరం, నీళ్ల విరేచనాలు వస్తాయి. పసిబిడ్డల్లో ఇది ఎక్కువగా విరేచనాల జబ్బు తర్వాత కొద్దిరోజులు ఉండి పోతుంది. అలర్జీ మాంసకృత్తు మీద, ఇది చక్కెర మీద. పాలు పడకపోయినా పెరుగు పడుతుందన్న అనుభవం ఈ మూడో రకానికి సరిపోతుంది. మొదటి రకానికి సరిపోదు. తోడుకున్నా మాంసకృత్తు పెరుగులో అలాగే ఉంటుంది.

నాలుగోది ఒట్టి చర్మపు మంట. చారు అన్నం, టమాటా పప్పు, బత్తాయి రసం తిన్నాక మూతి చుట్టూ మాత్రమే ఎర్రబడి అరగంటలో పోతే, అది పులుపు తాకిన చోట చర్మం రేగడమే కావచ్చు. ఉబ్బెత్తు దద్దుర్లు లేవు, వేరే లక్షణాలు లేవు. దీనికి టమాటాను నెలల తరబడి దూరం పెట్టవలసిన పని లేదు.

పరీక్షలో పాజిటివ్ వస్తే అలర్జీ ఉన్నట్టేనా

కాదు. ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్లే పిల్లల కంచాలు ఎక్కువగా ఖాళీ అవుతున్నాయని నా నమ్మకం.

చర్మం మీద ఆహారసారపు చుక్క వేసి సూదితో గుచ్చే పరీక్ష గానీ, రక్తంలో ఐజీఈ కొలిచే పరీక్ష గానీ, శరీరంలో ఆ పదార్థానికి ప్రతిరక్షకాలు ఉన్నాయా అన్నదే చెబుతాయి. ప్రతిరక్షకాలు ఉండటం వేరు, తిన్నప్పుడు ప్రతిచర్య రావడం వేరు. కర్ణాటకలోని బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో పెద్దవాళ్ల మీద జరిగిన అధ్యయనం ఈ తేడాను కళ్లకు కట్టింది. అక్కడ 26.5 శాతం మందికి ఏదో ఒక ఆహారం మీద ఐజీఈ ఉన్నట్టు తేలింది. లక్షణాలతో కలిపి చూస్తే ఆహార అలర్జీ ఉండే అవకాశం కనిపించినది 1.2 శాతం మందికే. పరీక్ష కాగితం మాత్రమే చూసి నిర్ణయించి ఉంటే, ఇరవై మందికి పైగా తినగలిగే ఆహారాన్ని మానేస్తే గానీ ఒక్క నిజమైన రోగి దొరకడన్నమాట.

అందుకే ముప్పై, నలభై పదార్థాలను ఒకేసారి పరీక్షించే ప్యాకేజీల ఫలితం పసిబిడ్డ విషయంలో మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ముందు జరిగినదాని కథ కావాలి: ఏమి తిన్నది, ఎంత, ఎంతసేపటికి, ఏమైంది. ఆ కథ వేలు చూపిన పదార్థాన్ని నిర్ధారించడానికే పరీక్ష. మన పాపకు గుడ్డు మీద కథ ఉంది. దానికి పరీక్ష కూడా పాజిటివ్ వస్తే సంగతి తేలినట్టే. కథే లేని గోధుమ మీద పాజిటివ్ వస్తే, రోజూ ఉప్మా తిని హాయిగా ఉన్న బిడ్డకు ఉప్మా ఆపేయడం పొరపాటు. పైగా, హాయిగా తింటున్న పదార్థాన్ని ఎగ్జిమా అనే చర్మపు జబ్బు ఉన్న బిడ్డకు నెలల పాటు ఆపి మళ్లీ పెడితే, ఆ విరామంలోనే అసలైన అలర్జీ తయారైన సందర్భాలను వైద్యులు చూశారు.

మూడేళ్లు ఆగమన్న సలహా ఎలా తలకిందులైంది

2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, అలర్జీల కుటుంబ చరిత్ర ఉన్న పిల్లలకు పాల పదార్థాలు ఏడాది దాకా, గుడ్లు రెండేళ్ల దాకా, వేరుశెనగ, గింజపప్పులు, చేపలు మూడేళ్ల దాకా పెట్టవద్దని సలహా ఇచ్చింది. లేత పేగు దృఢపడేదాకా ఆగితే అలర్జీ రాదన్నది అందులోని తర్కం. వినడానికి సబబుగానే ఉంది. కానీ అలర్జీలు తగ్గలేదు, పెరిగాయి. ఆలస్యం వల్ల మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదని 2008లో ఆ సంఘమే తన సలహాను వెనక్కి తీసుకుంది.

అదే ఏడాది ఆసక్తికరమైన పోలిక ఒకటి వెలువడింది. బ్రిటన్‌లో ఉండే యూదుల పిల్లల్లో వేరుశెనగ అలర్జీ 1.85 శాతం. ఇజ్రాయెల్‌లో ఉండే యూదుల పిల్లల్లో 0.17 శాతం. మూలాలు దాదాపు ఒకటే, వ్యాధి మాత్రం పది రెట్లు తేడా. ఇజ్రాయెల్‌లో పసిపిల్లలకు 'బాంబా' అనే వేరుశెనగ చిరుతిండిని నోట్లో కరిగేలా చిన్నప్పుడే పెడతారు. బ్రిటన్‌లో అప్పట్లో దాచిపెట్టేవారు.

పోలిక రుజువు కాదు గనుక, లండన్‌లో గిడియన్ లాక్ బృందం 'లీప్' పేరుతో ప్రయోగం చేసింది. తీవ్రమైన ఎగ్జిమా గానీ, గుడ్డు అలర్జీ గానీ, రెండూ గానీ ఉన్న 4 నుంచి 11 నెలల పిల్లలు 640 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపు వారానికి 6 గ్రాముల వేరుశెనగ మాంసకృత్తును మూడు నాలుగు దఫాలుగా తిన్నది. ఇంకో గుంపు అయిదేళ్ల దాకా ముట్టుకోలేదు. 2015లో ఫలితాలు వచ్చాయి. మొదట చర్మపరీక్ష నెగటివ్ ఉన్నవారిలో, మానేసినవాళ్లలో 13.7 శాతానికి అలర్జీ వస్తే తిన్నవాళ్లలో 1.9 శాతానికే వచ్చింది. చర్మపరీక్షలో కొద్దిపాటి పాజిటివ్ ఉన్నవారిలోనూ 35.3 శాతం, 10.6 శాతం తేడా కనిపించింది. 2017లో అమెరికాలో మార్గదర్శకాలు మారాయి. అక్కడి పిల్లల ఆరోగ్య రికార్డులను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2025 అక్టోబరులో వచ్చింది. పాత సలహా రోజులతో పోలిస్తే వేరుశెనగ అలర్జీ నిర్ధారణలు 43 శాతం తగ్గాయని అది చెప్పడంతో ఈ చర్చ మళ్లీ అందరి నోటా పడింది.

ఇక్కడ ఆగి ఒక గీత గీయాలి. లీప్ ప్రయోగం వేరుశెనగ అలర్జీ రాకుండా చూడటం గురించి. వచ్చిన అలర్జీని పోగొట్టడం గురించి కాదు. చర్మపరీక్షలో పొక్కు 4 మిల్లీమీటర్లు దాటిన పిల్లలను అప్పటికే అలర్జీ ఉండవచ్చని ఆ ప్రయోగంలోకే తీసుకోలేదు. 'త్వరగా పెడితే మంచిదట' అన్న సగం వార్త విని, గుడ్డుకు దద్దుర్లు లేచిన పాపకు 'అలవాటు చేద్దాం' అని ఇంట్లో మళ్లీ గుడ్డు పెట్టడం ప్రమాదం. అదే పాపకు వేరుశెనగ పెట్టడం ఆలస్యం చేయడమూ నష్టమే, ఎందుకంటే లీప్‌లోకి తీసుకున్నవాళ్లలో గుడ్డు అలర్జీ ఉన్న బిడ్డలూ ఉన్నారు. ఒకే బిడ్డకు ఒక పదార్థం విషయంలో 'ఆపండి', ఇంకో పదార్థం విషయంలో 'ఆలస్యం చేయకండి' అన్నవి రెండూ నిజాలే.

నోటి ద్వారా పరిచయం, చర్మం ద్వారా పరిచయం

ఇలా ఎందుకు జరుగుతుందో చెప్పే సిద్ధాంతం ఒకటుంది. ఆహారం నోటి ద్వారా, పేగు ద్వారా పరిచయమైతే శరీరం దాన్ని తనవారిలో ఒకరిగా చూడటం నేర్చుకుంటుంది. పగిలిన చర్మం గుండా ముందు పరిచయమైతే శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఎగ్జిమా అంటే చర్మం పొడిబారి, దురదపెట్టి, పగిలే జబ్బు. ఆ చర్మం తలుపులు తెరిచిన ఇల్లు లాంటిది. ఇంట్లో అందరూ వేరుశెనగ తింటూ, ఆ ధూళి బిడ్డ చర్మానికి తగులుతూ, బిడ్డ నోటికి మాత్రం అందకపోతే శత్రుత్వానికి కావలసినవన్నీ సమకూరినట్టే. వేరుశెనగ నూనె కలిసిన క్రీములు రాసిన పిల్లల్లో ఆ అలర్జీ ఎక్కువగా ఉన్నట్టు బ్రిటన్‌లో 2003లోనే గమనించారు.

ఇది చదివినప్పుడల్లా నాకు మన ఇళ్లలోని పసిబిడ్డ స్నానం గుర్తుకొస్తుంది. నువ్వుల నూనె మర్దనా, శెనగపిండో పెసరపిండో నలుగు. చర్మం నున్నగా ఉన్న బిడ్డకు ఇది తరతరాలుగా సాగుతున్న ముచ్చట, దాన్ని తప్పుపట్టడానికి ఆధారమేమీ లేదు. ఎగ్జిమాతో పగిలిన చర్మానికి మాత్రం తినే గింజల పిండీ, గానుగ నూనే రుద్దకపోవడం ఈ సిద్ధాంతం ప్రకారం తెలివైన పని. ఎగ్జిమాను గట్టిగా అదుపు చేయడం ఆహార ప్రణాళికలో భాగమే.

జపాన్‌లో 2017లో వెలువడిన 'పెటిట్' ప్రయోగం ఈ రెంటినీ జోడించింది. ఎగ్జిమా ఉన్న పిల్లల చర్మానికి బాగా చికిత్స చేస్తూ, ఆరో నెల నుంచి బాగా ఉడికించిన గుడ్డు పొడిని చిటికెడు చొప్పున పెట్టారు. ఏడాది వయసుకు గుడ్డు అలర్జీ 8 శాతం. గుడ్డు పెట్టని గుంపులో 38 శాతం. అంతకుముందు ఆస్ట్రేలియాలో పచ్చి గుడ్డు పొడితో చేసిన ప్రయత్నంలో దాదాపు మూడో వంతు పిల్లలకు ప్రతిచర్యలు వచ్చాయి. గుడ్డు ఎంత ఉడికింది, ఎంత పెట్టారు అన్నవి ఇంత తేడా తెస్తాయి. మన కథలోని పాపకు పెట్టిన సగం ఉడికిన తెల్లసొన ఈ లెక్కన కష్టమైన మెట్టు మీద మొదలైంది.

నాలుగో నెలా, ఆరో నెలా? మన దగ్గర ఈ లెక్కలు చెల్లుతాయా

ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశంలోనూ అదే మాట. అమెరికా మార్గదర్శకాలు మాత్రం తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న పిల్లలకు, పరీక్ష చేసి, 4 నుంచి 6 నెలల మధ్యే వేరుశెనగ మొదలుపెట్టవచ్చంటాయి. ఎవరిది సరి?

రెండు పక్షాలూ వేర్వేరు ప్రమాదాలను చూస్తున్నాయి. శుభ్రమైన నీరు అందరికీ అందని చోట నాలుగో నెలలోనే పైఆహారం మొదలైతే విరేచనాలు, బరువు తగ్గడం అలర్జీకన్నా పెద్ద ముప్పు. బ్రిటన్‌లో 'ఈట్' ప్రయోగం మూడో నెల నుంచే ఆరు రకాల ఆహారాలు పెట్టించి చూసింది. చెప్పినంత మోతాదు తినిపించగలిగిన కుటుంబాలు సగం కూడా లేవు. మొత్తం మీద తేడా రుజువు కాలేదు. చెప్పినట్టు తిన్న పిల్లల్లో మాత్రం అలర్జీలు తక్కువ కనిపించాయి. ఆస్ట్రేలియాలో సలహా మారాక పిల్లలకు వేరుశెనగ చాలా ముందే పెడుతున్నా, అలర్జీ 3.1 నుంచి 2.6 శాతానికే తగ్గింది. ఆ తగ్గుదల గణాంకపరంగా గట్టిది కాదు.

ఇంకో న్యాయమైన అభ్యంతరం ఉంది. వేరుశెనగ అలర్జీ మన దగ్గర పశ్చిమ దేశాల్లో ఉన్నంత లేదు, అక్కడి భయాన్ని ఎందుకు దిగుమతి చేసుకోవాలి? నిజమే. అందుకే ఆరోగ్యంగా ఉన్న సాధారణ బిడ్డ విషయంలో ప్రత్యేక పరీక్షలూ ప్రణాళికలూ అక్కరలేదు. ఆరు నెలలు నిండాక ఇంట్లో అందరూ తినేవి మెత్తగా చేసి పెడితే చాలు. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న, ఇప్పటికే ఒకదానికి అలర్జీ తేలిన బిడ్డ మాత్రం ఏ దేశంలో ఉన్నా ప్రమాదపు అంచున ఉన్నట్టే. ఆ బిడ్డకు ఆరో నెల దాటి ఊరికే ఆగడంలో లాభం లేదన్నంతవరకు రెండు పక్షాలూ ఒప్పుకుంటాయి.

అనవసరంగా మాన్పించడానికి మన దగ్గర చెల్లించే మూల్యం ఇంకా ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో చాలినంత ఆహారం అందుతున్నది సుమారు 11 శాతం మందికే. ఉన్న కొద్ది ముద్దల్లోంచి పాలు, గుడ్డు, పప్పు, చేప తీసేస్తే మిగిలేది అన్నమూ నీళ్ల చారూ. తల్లి పథ్యం సంగతీ ఇంతే. తల్లి గుడ్డు తిన్నప్పుడు పాలు తాగిన బిడ్డకు లక్షణాలు కనిపిస్తే తప్ప, ఆమె మానేయనక్కరలేదు. నెత్తుటి చారల బిడ్డ తల్లి పాల పదార్థాలు రెండు నుంచి నాలుగు వారాలు ఆపి, తగ్గిందో లేదో చూసి, మళ్లీ మొదలుపెట్టి పరీక్షించుకోవాలి. ఆ రెండో సగం చేయకుండా ఏడాది పాటు పాలు మానేసిన తల్లులు ఎందరో.

అదే పాప కంచంలోకి ఏవి, ఏ వరుసలో

ఇప్పుడు మన పాప దగ్గరికి వద్దాం. గుడ్డు ఆగింది. అన్నం, పెసరపప్పు, రాగిజావ, ఉడికించిన క్యారెట్, గుమ్మడి, అరటిపండు ఇప్పటికే తింటోంది, అవన్నీ కొనసాగుతాయి. మిగిలినవి వేరుశెనగ, పాల పదార్థాలు, గోధుమ, నువ్వులు, జీడిపప్పు, చేప.

వీటిలో వేరుశెనగ ముందుండటానికి కారణం పైన చూశాం. గుడ్డు అలర్జీ తేలిన బిడ్డ గనుక డాక్టరు ముందు చర్మపరీక్ష చేయవచ్చు, లేదా మొదటి మోతాదు తన ఎదుటే పెట్టించవచ్చు. పరీక్ష బాగుంటే వేయించి మెత్తగా పొడి చేసిన పల్లీలను జావలో పలుచగా కలిపి, చెంచా కొసతో మొదలుపెట్టి, పది పదిహేను నిమిషాలు చూసి, మిగతాది నెమ్మదిగా. తర్వాత రెండు గంటలు బిడ్డ కళ్ల ముందే ఉంటుంది. అందుకే కొత్త పదార్థానికి పొద్దుటి వేళ మంచిది. జలుబో జ్వరమో ఉన్నరోజు పెడితే ఏ లక్షణం దేనిదో తెలియదు. గింజను గింజగా ఇవ్వడం మాత్రం అయిదేళ్ల దాకా లేదు. అది గొంతుకు అడ్డం పడే ప్రమాదం, అలర్జీకి సంబంధం లేదు.

పడిందని తేలాక వారానికి రెండు మూడుసార్లు కొనసాగడం ముఖ్యం. లీప్‌లో పిల్లలు తిన్నది ఒక్కసారి కాదు, ఏళ్ల తరబడి. ఒకసారి పెట్టి 'హమ్మయ్య' అనుకుని ఆరు నెలలు మర్చిపోతే లాభం దక్కుతుందన్న హామీ లేదు.

ఒక్కో పదార్థానికీ మధ్య ఎన్ని రోజులు? మూడు నుంచి అయిదు రోజులు ఆగమనడం పాత పద్ధతి. కూరగాయలకు కూడా ఆ గడువు పెడితే ఏడాది నిండేలోపు బిడ్డ చూసే రుచులు బాగా తగ్గిపోతాయని ఇప్పుడు కొందరు నిపుణుల అభ్యంతరం. తక్షణ అలర్జీ రెండు గంటల్లో బయటపడుతుంది గనుక, బీరకాయ, సొర వంటివాటికి రోజు తేడా చాలు, అలర్జీ తరచుగా తెచ్చేవాటికి రెండు మూడు రోజులు ఇవ్వవచ్చన్న మధ్యేమార్గం నాకు సబబుగా తోస్తుంది. 'అన్నప్రాశన నాడే ఆవకాయా' అన్న సామెత తొందరను తప్పుపట్టింది గానీ, అన్నప్రాశన నాటి పాయసమే ఒక్క చెంచాలో పాలు, నెయ్యి, జీడిపప్పు మూడింటినీ పరిచయం చేస్తుంది. అప్పటికే ఎగ్జిమా తీవ్రంగా ఉన్న బిడ్డకైతే ఆ వేడుకకు బెల్లంతో వండిన ఒట్టి బియ్యపు పాయసం చాలు. తేనె మాత్రం ఏ బిడ్డకూ ఏడాది లోపు వద్దు. అది అలర్జీ గొడవ కాదు, బొట్యులిజం అనే అరుదైన, ప్రాణాంతకమైన జబ్బు భయం.

ఒక పప్పు పడకపోతే పప్పులన్నీ ఆపాలా అన్న సందేహం తరచుగా వస్తుంది. వేరుశెనగ, శెనగ, కంది ఒకే కుటుంబం మొక్కలే. పరీక్షల్లో అన్నీ కలిసి పాజిటివ్ రావచ్చు. కానీ వేరుశెనగ అలర్జీ ఉన్నవాళ్లలో ఎక్కువమంది కందిపప్పును ఇబ్బంది లేకుండా తింటారు. జీడిపప్పు, పిస్తా జంట మాత్రం నిజంగానే ఒకటి పడకపోతే రెండోదీ పడకపోయే జంట.

గేదె పాలు, గాడిద పాలు, ఇంగువ డబ్బా

ఆవు పాల అలర్జీ తేలిన ఇంట్లో వెంటనే వచ్చే మాట 'గేదె పాలు పోద్దాం' అని. ఆవు, గేదె, మేక పాల మాంసకృత్తులు అన్నదమ్ముల్లా పోలి ఉంటాయి. ఆవు పాలు పడని పిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమందికి మేక పాలూ పడవు. గేదె పాలూ అదే దారి. బాగా కాచినా లాభం లేదు, పాలలో ప్రధాన మాంసకృత్తు అయిన కేసీన్ మరుగుకు లొంగదు. నేతిలోనూ మాంసకృత్తు జాడలు మిగులుతాయి.

మన ఊళ్లలో గాడిదను వెంటబెట్టుకుని వచ్చి చిన్న గిన్నెడు పాలు పిండి అమ్మే పాత అలవాటు ఉంది. ఇటలీలో జరిగిన అధ్యయనాల్లో ఆవు పాల అలర్జీ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది గాడిద పాలను తట్టుకున్న మాట నిజం. అయితే అందులో కొవ్వు చాలా తక్కువ, బిడ్డ ఎదుగుదలకు అది చాలదు. వీధిలో పిండిన పచ్చి పాలతో అంటురోగాల భయం వేరే. తల్లిపాలు చాలని బిడ్డకు, మాంసకృత్తును ముక్కలు చేసి తయారుచేసిన ప్రత్యేక పాలపొడులను డాక్టర్లు రాస్తారు. వాటి ధర చాలా ఇళ్లకు మోయలేని భారం. అందుకే తల్లిపాలు కొనసాగేలా చూడటానికి అంత విలువ.

గోధుమ పడని బిడ్డ ఇంట్లో చపాతీ, బొంబాయి రవ్వ, సేమియా, బ్రెడ్డు ఆపడం అందరికీ తోస్తుంది. ఇంగువ తోచదు. బజారులో దొరికే ఇంగువలో చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుస్తుంది. ఆ డబ్బా మీద చదివి, బియ్యప్పిండితో చేసినది తెచ్చుకోవచ్చు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం గోధుమ, శెనగపప్పు, పాలపొడి కలిసిన పొడి. మంచి ఆహారమే, కానీ అలర్జీ అనుమానం ఉన్న బిడ్డకు ఆ మూడూ విడివిడిగా పడ్డాయని తెలిశాక ఇస్తే, తర్వాత ఏదైనా జరిగినా కారణం వెతుక్కోనక్కరలేదు.

ప్యాకెట్ల మీద పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, గోధుమ వంటి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, వేరుశెనగ, గింజపప్పులు, సోయా వంటివాటిని విడిగా ప్రకటించాలని మన ఆహార భద్రతా సంస్థ 2020 నిబంధనలు చెబుతున్నాయి. నువ్వులు ఆ జాబితాలో లేవు. అమెరికా 2023 నుంచి చేర్చింది. విడిగా అమ్మే మిఠాయికి, హోటల్ చట్నీకి చీటీయే ఉండదు. అక్కడ నోరు తెరిచి అడగడమే దారి.

ఎప్పుడు ఇంట్లో చూడవచ్చు, ఎప్పుడు పరుగెత్తాలి

నాలుగైదు దద్దుర్లు, బిడ్డ చురుగ్గానే ఉంది: ఆ ఆహారం ఆపి, డాక్టరుతో మాట్లాడి, గమనించవచ్చు. గొంతు బొంగురు, ఆగని దగ్గు, పిల్లికూతలు, ఊపిరికి ఇబ్బంది, నాలుక వాపు, పాలిపోవడం, ఒళ్లు వేలాడిపోవడం, దద్దుర్లతో పాటు మళ్లీ మళ్లీ వాంతులు: ఇవి అనాఫిలాక్సిస్ గుర్తులు. మాట రాని బిడ్డ 'గొంతు పట్టేసింది' అని చెప్పలేదు, గుక్కపెట్టి ఏడ్చి ఒక్కసారిగా నీరసపడటమే దాని భాష. అప్పుడు పనిచేసే మందు తొడ కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. దురద తగ్గించే సిరప్పు ప్రాణం కాపాడదు. 108కు ఫోను చేసి, బిడ్డను ఎత్తుకుని నిలబెట్టకుండా పడుకోబెట్టి, ఊపిరి ఇబ్బంది ఉంటే ఒళ్లో కూర్చోబెట్టి తీసుకువెళ్లాలి. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకు మళ్లీ రావచ్చు గనుక ఆసుపత్రిలో కొంతసేపు ఉంచుతారు. విదేశాల్లో తల్లిదండ్రుల చేతిలో ఉండే స్వయంచాలక అడ్రినలిన్ పెన్నులు మన దగ్గర సులువుగా దొరకవు. తీవ్రమైన ప్రతిచర్య వచ్చిన బిడ్డ తల్లిదండ్రులు బదులు ఏర్పాటు గురించి వైద్యుణ్ని అడిగి, ఎలా వాడాలో నేర్చుకోవలసి వస్తుంది.

గుడ్డు పడని బిడ్డకు తొమ్మిదో నెల తట్టు టీకా వేయించడానికి మాత్రం జంకనక్కరలేదు. గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లకూ అది సురక్షితమే.

నిషేధపు జాబితాకు గడువు తేదీ

గుడ్డు, పాల అలర్జీలు ఎక్కువమంది పిల్లల్లో బడి వయసుకు అటూ ఇటూగా వాటంతట అవే పోతాయి. వేరుశెనగ మొండిది, అయిదుగురిలో ఒకరికి పోతుంది. గుడ్డు పడని పిల్లల్లో కూడా సుమారు 70 శాతం మంది పిండిలో కలిపి కేకులా బాగా కాల్చిన గుడ్డును తినగలరు. అంతసేపటి వేడికి గుడ్డు మాంసకృత్తు ఆకారం మారిపోవడమే కారణం. అలా తినగలిగిన పిల్లలకు అలర్జీ త్వరగా వదులుతుందని కూడా గమనించారు. కానీ ఆ మొదటి కేకు ముక్కను ఇంట్లో పెట్టి చూడాలా, ఆసుపత్రిలోనా అన్నది బిడ్డకు వచ్చిన ప్రతిచర్య తీవ్రతను బట్టి వైద్యుడు తేలుస్తాడు.

మన పాప పెద్దవాళ్లు ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద కాగితం ఒకటి అంటించారనుకుందాం. అందులో మాన్పించినవాటి కింద ఒక్కటే పేరు, గుడ్డు. ఇచ్చేవాటి కింద వేరుశెనగ పొడి వారానికి మూడుసార్లు, పెరుగు, గోధుమ జావ, నువ్వుల పొడి, మెత్తగా ఉడికించి ముల్లు తీసిన చేప. అంగన్‌వాడీ ఆయమ్మకు ఇచ్చిన నకలు మీద 108, డాక్టరు నంబరు. గుడ్డు పేరు పక్కన ఆరు నెలల తర్వాతి తేదీ రాసి ఉంది, మళ్లీ పరీక్షకు వెళ్లవలసిన రోజు.